ముందు చెయ్యి కుదరాలి, తర్వాతే ఖరీదైన బ్యాటు

"ఖరీదైన బ్యాటు కొనిస్తే పిల్లాడు గెలుస్తాడు" అని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. అది తప్పని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఆ తప్పు మా ఇంట్లో నేనే చేయించాను.

నిరుడు నాన్నను రెండు నెలలు పీడించి కార్బన్ బ్యాటు కొనిపించుకున్నాను. ఆ నెల అమ్మ చీటీ కట్టలేకపోయింది. తీరా ఆడితే బంతి తగిలీ తగలగానే బల్ల దాటిపోయేది. భయంతో చెయ్యి పూర్తిగా ఊపడమే మానేశాను. అంతకుముందు వచ్చిన టాప్‌స్పిన్ కూడా పోయింది.

కార్బన్ పొర బంతిని వేగంగా తోస్తుంది. స్ట్రోకు కుదిరినవాళ్ళకు అది బలం, నేర్చుకునేవాళ్ళకు బరువు. మాలాంటివాళ్ళకు ఐదు పొరల చెక్క బ్లేడు, 1.8 మిల్లీమీటర్ల స్పాంజి ఉన్న రబ్బరు చాలు. రెండూ విడిగా కొంటే, రబ్బరు అరిగినప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు. అలాగని నున్నగా జారే చవక బ్యాటూ వద్దు, దానితో స్పిన్ రాదు.

"పెద్ద ఆటగాళ్ళు కార్బనే వాడతారు కదా?" అంటారు. వాడతారు, నిజమే. కానీ వాళ్ళు రోజూ గంటల తరబడి సాధన చేస్తారు. మనం ఆటల పీరియడ్‌లో 20 నిమిషాలు ఆడతాం!

నా బ్యాటును మెచ్చుకున్నవాళ్ళే, బడి బ్యాటుతో ఆడే నా స్నేహితుణ్ణి చిన్నచూపు చూశారు. వాడు నన్ను 11-4తో ఓడించాడు. ఆ రోజు ఓడింది నేనొక్కణ్ణే కాదు, మా నాన్న డబ్బు కూడా.

పెద్దలారా, బ్యాటు ధర చూసి మమ్మల్ని కొలవకండి. మిత్రులారా, ఇంట్లోవాళ్ళను పీడించకండి.