కోణమానినితో నేర్పే మొదటి అబద్ధం

మన బళ్ళలో పిల్లలకి దొంగలెక్కలు ఎప్పుడు అలవాటవుతాయో తెలుసా? జామెట్రీ బాక్సు కొన్న ఏడాదే!

త్రిభుజం గీసి, మూడు కోణాలూ కొలిచి కూడమంటారు. పిల్లాడికి 179 వస్తుంది. "180 రావాలి కదరా, మళ్ళీ కొలువు" అంటారు మాస్టారు. వాడేం కొలవడు. ఒక కోణాన్ని చెరిపేసి ఓ డిగ్రీ కలిపేస్తాడు. ఫుల్ మార్కులు!

అయ్యా, ఆ 179 తప్పు కాదు. కోణమానిని మీద అన్నిటికన్నా చిన్న గీత ఒక డిగ్రీ. ఎంత జాగ్రత్తగా చూసినా ఒక్కో కోణానికి అర డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. మూడూ కలిస్తే ఒకటిన్నర దాకా తేడా రావచ్చు. 180 అన్నది రుజువు చేసేది, కొలిచి తేల్చేది కాదు. ఆ తేడా చెప్పాల్సిన చోట మనం కొలతని దిద్దడం నేర్పిస్తున్నాం.

ఒక్క డిగ్రీకి ఇంత గోలా అనేవాళ్ళు ఓసారి మా కోనసీమకి, అంబాజీపేట వైపు రండి. ఎటు చూసినా కొబ్బరి తోటలే. మొక్కకీ మొక్కకీ 8 మీటర్ల ఎడంతో చదరంగా పాతితే ఎకరానికి సుమారు 63 మొక్కలు. అదే ఎడంతో సమబాహు త్రిభుజాలుగా పాతితే 73. అంటే 90 డిగ్రీలు కాస్తా 60 అయినందుకు పది చెట్లు ఎక్కువ! దానికి కోణమానిని కూడా అక్కర్లేదు. 8 మీటర్ల దూరంలో రెండు మేకులు పాతి, ఒక్కోదానికి 8 మీటర్ల సాగని తాడు కట్టి బిగించి లాగండి. కొసలు కలిసిన చోట మూడో గొయ్యి. వృత్తలేఖిని చేసేదీ ఇదే. కానీ వరస ఒక్క డిగ్రీ వంకర పోయిందా, 100 మీటర్లు వెళ్ళేసరికి 1.75 మీటర్లు పక్కకి జరిగిపోతుంది. అక్కడ రబ్బరు పెట్టి చెరపడం కుదరదండీ.

మరి మన ఆఫీసుల్లో? టెస్టింగ్ రిపోర్టులో "ఎక్స్‌పెక్టెడ్" గడిలో ఉన్నదాన్ని "యాక్చువల్" గడిలో కాపీ పేస్ట్ చేసేవాళ్ళని మీరెప్పుడూ చూళ్ళేదా? ఆ విద్య కంపెనీలో చేరాక నేర్చుకున్నది కాదు.

"చిన్నపిల్లలకి ఇవన్నీ ఏం అర్థమవుతాయి" అనకండి. క్లాసులో అందరి జవాబులూ బోర్డు మీద రాయించండి. 178, 179, 181... అన్నీ 180 చుట్టూనే తిరుగుతుంటే వాళ్ళకే తెలుస్తుంది. 179 రాసినవాడికి మార్కులు వెయ్యండి. నలభై మందికీ సరిగ్గా 180 వచ్చిందా, మాస్టారూ, అనుమానపడాల్సింది అప్పుడు!