సైకిలువానికి దారి

2023 అక్టోబరు నెలలో హైదరాబాదున ఔటరు రింగురోడ్డు ప్రక్కను 23 కిలోమీటర్ల సైకిలుబాట ప్రారంభింపబడినది. దానిపై సౌరఫలకముల కప్పు వేసిరి. అది నీడ నొసగును, విద్యుత్తును పుట్టించును. యోచన మెచ్చదగినదే, మేమును మెచ్చితిమి. కాని తెల్లవారకమున్నే క్యానులు తగిలించుకొని బయలుదేరు పాలవాడును, అన్నపుకారేజి కట్టుకొని పనికేగు తాపీమేస్త్రియు, పుస్తకములసంచితో బడికేగు బాలికయు ఆ బాటపై నెచ్చటికి పోవలయును? బాట యూరివెలుపల నున్నది. వారి దారి యూరినడుమ, లారీల నడుమ నున్నది. సైకిలును వ్యాయామసాధనముగా నెంచుట వేరు, బీదవాని వాహనముగా నెంచుట వేరు.

హాలండు దేశమున నేడు ప్రయాణములలో నాలుగవవంతునకు మించి సైకిళ్లపైననే సాగుచున్నవి. అది వారి పుట్టుగుణమని తలచువారు గలరు. కాదు. అచ్చటను మోటారుకార్లు వీధుల నాక్రమించిన కాలము గలదు. 1971లో రోడ్డుప్రమాదములలో మూడువేలకు పైగా జనులు మడిసిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు! తల్లిదండ్రులు వీధుల కడ్డముగ కూర్చుండిరి. ‘పిల్లల హత్య మానుడు’ అనునదియే వారి యుద్యమమునకు పేరు. 1973లో చమురుకరవు రాగా కొన్ని యాదివారములు కార్లు నిషేధింపబడెను. పిదప ప్రభుత్వము దారికి వచ్చెను. గట్టుచే వేరుచేసిన బాటలును, కూడళ్లలో సైకిలువారికి ప్రత్యేకదీపములును వెలసినవి. యూట్రెక్టు రైలుస్టేషనుకడ 12,500 సైకిళ్లు పట్టు శాల 2019లో పూర్తియైనది.

మనది యెండలదేశమనియు, ఇచ్చట నిది సాగదనియు కొందరందురు. (ఎండకు వెఱచి పాలవాడెన్నడు మానెనో వారే చెప్పవలెను.) స్పెయినుదేశపు సెవిల్ నగరమున వేసవియెండ 40 డిగ్రీలు దాటుచుండును. అయినను 2006, 2007 సంవత్సరములలో అచ్చటి పురపాలకసంఘమువారు రమారమి 80 కిలోమీటర్ల బాటను వేయించిరి. ముక్కముక్కలుగా గాదు, ఒకదానితో నొకటి కలియునట్లుగా. కిటుకంతయు నిందే యున్నది. సగముదూరము రక్షణనిచ్చి, మిగతసగము బస్సుచక్రముల పాలుచేయు బాటను తల్లి నమ్మి బిడ్డను పంపునా? అచ్చట బాట తెగలేదు గనుక కొలదియేండ్లలోనే సైకిలుప్రయాణములు పలురెట్లు పెరిగినవి.

మన పురపాలకసంఘములను మేము కోరునది స్వల్పము. స్టేషనునుండి బజారునకును, బజారునుండి కళాశాలకును తెగని బాట యొకటి. దానికి జానెడెత్తు గట్టు. దానిపై కార్లను నిలుపనీయని కానిస్టేబులు. రంగుగీతలు మాకు వలదు. గీచిన మరునాడే వానిపై కార్లు నిలుచుట పలుమారు చూచితిమి.