లెక్కలును ఆకలియును

ఇటీవల మేము కోయిలకుంట్లలో బంధువుల యింట నాలుగు దినము లుంటిమి. ఆ యింటి పిల్ల పదవ తరగతి చదువుచున్నది. రాత్రి భోజనమైన పిమ్మట రెండు గంటలసేపు లెక్కలు చేసి, వంటయింటిలోనికి వచ్చి డబ్బాలు వెదకసాగెను. అది చూచి యవ్వ, "ఏమ్మే, కూచోని లెక్కలు చేసేదానికి ఇంత ఆకలేంది?" అని గదమాయించెను. పిల్ల చిన్నబోయి డబ్బా మూసివేసెను. మఱునాడు తమ్ముడు పుస్తకము పట్టగానే, చదువుకొను పిల్లవాడని రొట్టెకు నేయి రాచి పెట్టినదియు నా యవ్వయే! ఈ విషయమును సోదరీమణులతో ముచ్చటింపవలెనని మాకు తోచినది.

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. కాని విశ్రాంతిగా నున్నపుడు శరీరము వ్యయపఱచు శక్తిలో నూటికి 20 పాళ్లు దానికే చెల్లును. లెక్కలు చేసినను, ఊరక కూర్చున్నను ఈ వ్యయ మించుమించుగ నొక్కటియే. అమెరికాలో బెనెడిక్టు దంపతులు కొందఱిచేత మనోగణితము చేయించి, వారి శ్వాసను పరీక్షించి, 1930లో ఫలితములను ప్రకటించిరి. శక్తివ్యయము నూటికి 4 పాళ్లు మాత్రమే హెచ్చెనట. ఒక గంటసేపు బుద్ధిని గట్టిగా శ్రమపెట్టుటకు అదనముగా కావలసిన యాహారము వేరుసెనగగింజలో సగమని వారు తేల్చిరి. కావున చదువు పేర పిల్లవానికి అదనముగా నేయి పోయ నక్కఱలేదు.

అట్లయిన పిల్ల యాకలి బూటకమా? కానే కాదు. కెనడా దేశములోని లావాల్ విశ్వవిద్యాలయమువారు 14 మంది విద్యార్థినులను పరీక్షించి 2008లో ఆ ఫలితములను వెల్లడించిరి. ఆ యువతులు ఒకమాఱు 45 నిమిషములు విశ్రమించిరి. ఒకమాఱు చదివి సారాంశము వ్రాసిరి. ఒకమాఱు కంప్యూటరుపై పరీక్షలు చేసిరి. పిదప వారికి కోరినంత భోజనము పెట్టిరి. బుద్ధిశ్రమకు అదనముగా వ్యయమైనది 3 కెలోరీలు. అది చేసిన నాడు వారు అదనముగా తిన్నది 200 కెలోరీలకు పైమాటయే. ఆ శ్రమవలన రక్తములోని చక్కెర నిలుకడ తప్పుటయు కనబడెను. కనుక ఆకలి నిజమే. అది చెప్పు పరిమాణమే నమ్మరానిది.

పరీక్షల దినములలో ముద్ద దిగని పిల్లలును గలరు. అది గణితము చేయు పని కాదు. భయము చేయు పని. అట్టివారిని బలవంతపెట్టక, కొంచెము కొంచెముగ పలుమాఱు పెట్టి, ధైర్యము చెప్పుట మేలు.

మఱి తల్లు లేమి చేయవలెను? వేళకు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ కడుపునిండ పెట్టవలెను. చదువు నడుమ ఆకలియన్నచో మిఠాయిలకు, మిక్చరు పొట్లములకు బదులు పిడికెడు ఉడికిన సెనగలో, వేరుసెనగలో చాలును. కుందూ పరిసరముల నల్లరేగడి నేలలో సెనగకు కొదువ లేదు గదా! నడుమ లేపి కొంతసేపు వడిగా నడిపించుటయు మంచిది. ఎదుగు వయసున నున్న ఆడపిల్లకు నెలనెల రక్తనష్టము గూడ గలదు. ఆమె కంచమున తక్కువ చేయుట ఏ లెక్క ప్రకారమును సరికాదు.

దత్తమండలములలోని హడగలిలో 1920లో జన్మించి, గణాంకశాస్త్రమున జగత్ప్రసిద్ధులైన సి. ఆర్. రావుగారు, బాల్యమున తమ తల్లి లక్ష్మీకాంతమ్మగారు వేకువజామున 4 గంటలకు లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడివారని తమ గ్రంథమున స్మరించిరి. అట్టి దీపము కూతునకును వెలిగింపవలెను. ఆమె యాకలిని దొంగతనముగ చూడరాదు.

సగము వేరుసెనగగింజ కథ విని యవ్వ పకపక నవ్వెను. మేము బయలుదేరు ముందటి రాత్రి మాత్రము, పిల్ల పుస్తకముల ప్రక్కన గిన్నెడు ఉడికిన సెనగలు మూతపెట్టి యుండెను.