వాచిన చేతికి అందని మర్దన వాపులేని ఒంటికెందుకు?

ఇటీవల హిందూపురంలో ఒక కరపత్రం నా చేతికి వచ్చింది. లింఫ్ డ్రైనేజీ మసాజ్ చేయించుకుంటే ఒంట్లోని విషాలన్నీ పోతాయట, పొట్ట కరుగుతుందట, ముఖం వెలిగిపోతుందట. అది చదువుతుంటే చాలా ఏళ్ల క్రితం నేను చూసిన ధర్మవరం నేత కార్మికురాలు గుర్తుకు వచ్చింది. రొమ్ము కేన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన రెండేళ్లకు ఆమె ఎడమ చేయి లావుగా వాచింది. గాజు ఎక్కదు, రవికె పట్టదు, మగ్గం మీద పని సాగదు. నీరు పట్టిందనుకుని మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు రాసి పంపాను. అది నా తప్పు. ఆమెకు కావలసింది సరిగ్గా ఈ కరపత్రంలో ఉన్న మర్దనే. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు, ఆమెకు చెప్పినవారూ లేరు.

సూక్ష్మ రక్తనాళాల నుంచి ఊరే ద్రవంలో కొంత భాగాన్ని, దానితోపాటు మాంసకృత్తులను తిరిగి రక్తంలోకి చేర్చే నాళాలు మన శరీరంలో ఉన్నాయి. ఆ ద్రవమే శోషరసం. దీనిని నడిపించడానికి గుండెవంటి యంత్రం లేదు. నాళాల స్వంత కదలిక, కండరాల కదలిక, ఊపిరి, ఇవే ఆధారం. దారిలో చంకలోను, గజ్జలలోను కణుపులు ఉంటాయి. కాలికి పుండైతే గజ్జలో బిళ్ల కట్టేది ఇక్కడే. కేన్సర్ చికిత్సలో చంకలోని కణుపులను తీసివేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా దారి మూసుకుపోవచ్చు. నెలలకో ఏళ్లకో చేయి వాస్తుంది. నిలిచిపోయిన మాంసకృత్తులను మూత్రపు మాత్రలు కదిలించలేవు. అశ్రద్ధ చేస్తే చర్మం గట్టిపడుతుంది, మాటిమాటికీ చీము జ్వరాలు వస్తాయి.

డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ ఈ మర్దనను 1936లో పారిస్‌లో పరిచయం చేశాడు. ఇది మన నలుగు వంటిది కాదు. కండరాలను పిసకరు. చర్మాన్ని మాత్రమే మెల్లగా, లయబద్ధంగా, దారి బాగున్న వైపుకు జరుపుతారు. నొప్పి పుట్టినా, చర్మం కందినా ఆ పద్ధతి తప్పు. మర్దన ఒక్కటే వాపును నిలువరించలేదు. చర్మ సంరక్షణ, పొరలు పొరలుగా కట్టే బ్యాండేజీ, వ్యాయామం, ఆ తరువాత రోజూ తొడుక్కునే బిగుతు తొడుగు, ఇవన్నీ కలిస్తేనే చికిత్స. వీటిలో బ్యాండేజీ, తొడుగులే ముఖ్యం. మర్దన వాటికి తోడు. కోస్తా జిల్లాలు ఎరిగిన బోదకాలుకూ ఇదే సూత్రం. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, కాలు ఎత్తిపెట్టుకోవడం అక్కడ సగం వైద్యం.

ఇక విషాల సంగతి. శరీరంలోని వ్యర్థాలను వదిలించే పని కాలేయానిది, మూత్రపిండాలది. ఆరోగ్యవంతుడి శోషరసం ఎవరూ తోయకుండానే నడుస్తుంది. మర్దనతో కొవ్వు కరగదు. మసాజ్ తరువాత కాస్త తేలికగా అనిపిస్తే, అది కొద్ది గంటల ముచ్చట. హాయి కోసం చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. హాయిని వైద్యమని అమ్మితేనే అభ్యంతరం.

పైగా ఇందులో ప్రమాదమూ ఉంది. ధర్మవరంలో రోజంతా గుంటమగ్గంలో కాళ్లు వేలాడదీసి నేసేవారికి, పెనుకొండ పరిసరాల కర్మాగారాలలో షిఫ్టంతా నిలబడేవారికి సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. కారణం సిరలలో ఉండవచ్చు, గుండెలో, మూత్రపిండాలలో, థైరాయిడ్‌లో ఉండవచ్చు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మాత్ర కూడా కావచ్చు. ఒకే కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానిని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. గుండె వైఫల్యం ఉన్నవారికి, చర్మం ఎర్రబడి జ్వరం వచ్చినవారికి కూడా ఈ మర్దన తగదు. కరపత్రంలో ఈ హెచ్చరిక ఒక్కటీ లేదు.

నా ఆరోపణ మసాజ్ దుకాణాల మీద మాత్రమే కాదు, మా వృత్తి మీద కూడా. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాలలో మన అనంతపురం ఒకటి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోనివే. కేన్సర్ శస్త్రచికిత్స పేద ఇంటి ఆడవారికి అందుబాటులోకి వచ్చింది. అది గొప్ప విషయం. అయితే కత్తి పట్టడంతో బాధ్యత తీరిందనుకున్నాము. కుట్లు విప్పిన నాడే చేయి వాపు గురించి ఎందరికి చెప్పాము? ప్రాంతీయ ఆసుపత్రులలో ఈ విద్య నేర్చిన ఫిజియోథెరపిస్టు, ఉచితంగా బ్యాండేజీ, తొడుగు ఉండాలి. ఇది విలాసం కాదు, మొదలుపెట్టిన చికిత్సను ముగించడం.

పాఠకులారా, మీ ఇంట ఎవరికైనా రొమ్ము కేన్సర్ శస్త్రచికిత్స జరిగి ఉంటే ఈరోజే రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉంగరం బిగిసినా, చేయి బరువుగా తోచినా ఆగవద్దు. శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రికే వెళ్లి, ఈ వాపుకు చికిత్స కావాలని పేరు పెట్టి అడగండి. మాత్రలు రాసి పంపితే తిరిగి అడగండి. ఆనాడు ఆ నేత కార్మికురాలు నన్ను అలా అడిగి ఉంటే, నేను పుస్తకం తెరిచి ఉండేవాడిని.