క్రొత్త వెలి

కులమువారు కూడి యొక కుటుంబమునకు నిప్పును నీళ్లును నిలుపుటకు వెలి యని పేరు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, దానికి తోడ్పడినవారు ఆ శిక్ష ననుభవించిరి. ఆ దురాచారము నశించినదని మన చదువరులు తలచుచుందురు. మేమట్లు తలపజాలము. చిలకలూరిపేటనుండి గుంటూరునకును నరసరావుపేటకును దినదినము బస్సులలో చదువులకు బోవు మన పిల్లల ఫోనులలో అది మరల పుట్టినది.

కళాశాలలో చేరిన మొదటి వారముననే ప్రతి తరగతికి నొక వాట్సాప్ గ్రూపు ఏర్పడును. పరీక్షల వేళలు, రికార్డుల గడువులు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఏ ప్రభవెంట ఎవరెవరు కలిసి నడచెదరను మాట, సమస్తము నందే. ఒకనాడొక ఆకతాయి యొక బాలిక ముఖమును వేరొక దేహమున కతికించి యందు వేయును. లేదా పల్లెనుండి వచ్చిన పేదపిల్లవాని ఇంగ్లీషును వెక్కిరించును. అరువదిమంది చూతురు. నలుగురు నవ్వుబొమ్మలు పెట్టుదురు. తక్కినవారు నోరు మెదపరు. ఆ పిల్ల గ్రూపు విడిచినచో రికార్డు గడువు తెలియదు, విడువనిచో పరిహాసము తప్పదు. కొన్నాళ్లకు క్యాంటీనునకు పోవుట మానును. బస్సులో నొంటిగా కూర్చుండును. స్నేహితురాలి యక్క పెండ్లికి పిలుపు వచ్చినను తలనొప్పి యని ఇంట నుండిపోవును. ఇది వెలి గాక మరేమి?

పాతవెలికి శ్రీముఖముండెను, విధించినవా రెవరో లోకమునకు తెలియుచుండెను, ప్రాయశ్చిత్తము చేసికొన్నవానిని మరల పంక్తిలో కూర్చుండనిచ్చెడివారు. క్రొత్తవెలిని విధించువానికి పేరైనను ఉండదు. వాని ఖాతాకు సినిమా నటుని బొమ్మ యుండును. ప్రాయశ్చిత్తమా, అసలే లేదు. చిత్రమును చెరిపించినను దాని స్క్రీన్‌షాటు పదిచోట్ల బ్రదికియే యుండును.

"పిల్లల హాస్యమునకు ఇంత రాద్ధాంతమా?" యని కొందరందురు. విశ్వవిద్యాలయముల యూజీసీ 2009లో చేసిన నిబంధనలను వారు చదువుదురు గాక. ఈమెయిళ్లతోను పోస్టులతోను బహిరంగముగా నవమానించుట ర్యాగింగే యని యందున్నది. తోటివాని యవస్థకు ఊరక చూచుచు ఆనందించుటయు ర్యాగింగే యని కూడ నున్నది! నవ్వుబొమ్మ పెట్టినవారు ఏ వైపునకు చేరుదురో వేరుగా చెప్పవలెనా? భావస్వాతంత్ర్యమని మరికొందరు వాదింతురు. ఐటీ చట్టములోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015లో కొట్టివేయుట మాకును సమ్మతమే. ఒకరి రహస్యాంగముల చిత్రమును వారి యనుమతి లేక ప్రచురించుటను శిక్షించు 66ఇ సెక్షనును మాత్ర మెవరును కొట్టివేయలేదు.

చట్టములు మనకు కొరవడలేదు. ర్యాగింగు నిషేధ చట్టము మన రాష్ట్రమున 1997 నుండి యున్నది. అట్లుండియు 2015 జులైలో, గుంటూరు చెంతనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు వసతిగృహములో ఒక విద్యార్థిని ప్రాణము తీసికొన్నది. ర్యాగింగే కారణమను నారోపణ వచ్చెను. ప్రభుత్వము విచారణ సంఘమును వేసెను. నెలరోజులు మన యిండ్లలో అదే మాట. ఆ తరువాత మన యిండ్ల నడవడి యేమైన మారెనా?

మారలేదని మా యభియోగము. బాలిక తనకు జరిగిన యవమానమును ఇంట చెప్పినచో తండ్రి మొదట చేయు పని ఆమె ఫోను లాగికొనుట. "నిప్పు లేనిదే పొగ వచ్చునా?" యని తల్లి. మరునెల సంబంధములు చూచుట మొదలు. ఆకతాయి గ్రూపునుండి వెడలగొట్టదలచిన పిల్లను మనము కళాశాలనుండియే వెడలగొట్టితిమి! వాడు కోరినదానికంటె ఎక్కువయే చేసి పెట్టితిమి. ఈ సంగతి నెరిగిన పిల్లలు నోరు విప్పరు. విప్పకపోవుటయే వానికి ధైర్యము.

కావున ఫోను ఆమెయొద్దనే యుండనిండు. స్క్రీన్‌షాట్లు దాచి, కళాశాల ర్యాగింగు నిరోధక సంఘమునకు వ్రాతమూలముగా ఫిర్యాదు ఇప్పించి, దానికి రసీదు పుచ్చుకొనుడు. వారు కదలనిచో 1800-180-5522 అను నంబరు దేశమంతటికి నున్నది. తండ్రి వెంట నడచి పోయిన ఫిర్యాదునకును, పిల్ల యొంటిగా నేడ్చుచు పట్టుకొనిపోయిన ఫిర్యాదునకును గల భేదము మన మెరుగనిది కాదు.

కుమారులు గల గృహస్థులతో నొక మాట. 1881లో వీరేశలింగముగారి ప్రక్క నిలిచినవారిలో విద్యార్థు లుండిరి. వారికిని తల్లిదండ్రులుండిరి, వారికిని వెలి భయముండెను. మీ కుమారుడు ఆ అరువదిమందిలో నొకడు. చిత్రము వచ్చిన రాత్రి వాడు గ్రూపులో నేమి వ్రాసెనో, నేటి రాత్రి భోజనమువేళ అడుగుడు.