మౌనంగా ఉంటే పొగరేనా?

డిగ్రీ చదవడానికి భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి విశాఖపట్నం వెళ్ళిన కొత్తల్లో జరిగిందిది. హాస్టల్లో నా గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలూ కాన్వెంటులో చదువుకున్నవాళ్ళు. వాళ్ళు గడగడా ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే నేను పుస్తకంలో తల దూర్చుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు మెస్ నుంచి వస్తుంటే గది బయటికే వినిపించింది... ‘షి ఈజ్ సో స్టకప్!’

నా గురించేనని మాత్రం అర్థమైంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నా చిన్న డిక్షనరీ తీశాను. స్టక్ అంటే ఇరుక్కుపోవడం. అప్ అంటే పైన. పైన ఇరుక్కుపోవడమేమిటో! చింతచెట్టెక్కి దిగలేక ఏడ్చే పిల్లలా ఉన్నాననుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నా పరిస్థితి అచ్చంగా అలాగే ఉండేది కూడా.

కొన్నాళ్ళకి ధైర్యం చేసి ఇంగ్లీషు మేడమ్‌ని అడిగితే, ‘పొగరుబోతు అని అర్థం. ఎవర్ని అన్నారేమిటి?’ అన్నారు. ఎవర్నీ కాదండీ అని వచ్చేశాను. నోరు విప్పితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని నేను చస్తుంటే, అది వాళ్ళకి పొగరులా కనిపించింది!

ఇన్నేళ్ళ తర్వాత అది మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న రాజమండ్రిలో మా అక్క కొడుకు పెళ్ళయ్యాక సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. కొత్త కోడలిది వరంగల్. హైదరాబాద్‌లో ఉద్యోగం. పీటల మీద నుంచి లేచాక ఒక మూల కుర్చీలో కూర్చుంది, పలకరిస్తే నవ్వుతోంది, అంతే. మా వదిన నా చెవి దగ్గరకొచ్చి, ‘చూశావా అమ్మాయ్, పిల్లకి యాటిట్యూడ్ ఎక్కువలా ఉంది’ అంది.

‘ఏం చేసింది వదినా?’

‘ఏం చెయ్యలేదు. అదే కదా నేననేది!’

నేనూ తలూపాను. అప్పటికి నాకేమీ తప్పనిపించలేదు. ఇంటికొచ్చాకే కాస్త సిగ్గేసింది.

యాటిట్యూడ్ అంటే ఇంగ్లీషులో వైఖరి అని, అంతే. మంచిదైనా కావచ్చు, చెడ్డదైనా కావచ్చు. వాడుకలోకొచ్చేసరికి అది తిట్టయి కూర్చుంది. ఇలాంటి మాటలు ఇంగ్లీషులో బోలెడున్నాయి, వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే భలే సంగతులు బయటపడతాయి. ‘స్నాబ్’ అంటే ఇవాళ తనకన్నా కిందివాళ్ళని చిన్నచూపు చూసే మనిషి. 18వ శతాబ్దం చివర్లో మాత్రం ఆ మాటకి అర్థం చెప్పులు కుట్టే మనిషి! కేంబ్రిడ్జి విద్యార్థులు తమ విద్యాలయానికి చెందని ఊరివాళ్ళందర్నీ ఆ మాటతో వెక్కిరించేవాళ్ళు. మన కలకత్తాలో పుట్టిన రచయిత థాకరే 1846, 47 సంవత్సరాల్లో ‘పంచ్’ పత్రికలో స్నాబుల మీద వరసగా వ్యాసాలు రాశాడు. 1848లో అవి పుస్తకంగా వచ్చాయి. గొప్పవాళ్ళని చూసి వాతలు పెట్టుకునేవాళ్ళు అనే అర్థం ఆ పుస్తకంతో బాగా స్థిరపడింది. చిన్నచూపు చూడబడ్డవాడి పేరు చివరికి చిన్నచూపు చూసేవాడికి అంటుకుందన్నమాట. ‘స్నూటీ’ మాత్రం మన ఆడవాళ్ళకి వెంటనే అర్థమయ్యే మాట. స్నౌట్ అంటే జంతువు మూతి. ఆ మూతి పైకెత్తుకు తిరిగే మనిషి స్నూటీ. మన మూతివిరుపుకి పెదతల్లి కూతురు లాంటిది.

అన్నిటికంటే నన్ను గుచ్చింది ‘అప్పిటీ’ అనే మాట. 1880లో అచ్చులో కనిపిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు ఈ మాటని నల్లవాళ్ళ మీద ప్రయోగించేవాళ్ళు. నల్లవాళ్ళు చేసిన నేరమేమిటయ్యా అంటే, తలెత్తి మాట్లాడటం. తమ ‘స్థానం’లో తాము ఉండకపోవడం. ఎవరి స్థానం ఎక్కడో నిర్ణయించింది ఎవరట? ఇది చదివినప్పుడు మన ఊళ్ళల్లో వినే ‘కళ్ళు నెత్తికెక్కాయి’ అనే మాటే చెవుల్లో మోగింది. కొత్తగా నాలుగు డబ్బులు చూసిన కూలివాళ్ళ ఇంటి గురించో, ఉద్యోగం వచ్చిన ఆడపిల్ల గురించో అంటారు గానీ, తరతరాలుగా మేడలో ఉంటున్న ఆసామిని ఎవరైనా అనగా విన్నామా?

ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఈ మాటలకి మరీ పదునెక్కువ. మగాడు గట్టిగా పని చేయిస్తే బాస్. ఆడది చేయిస్తే ‘బాసీ’. ఈ మాటతో చిన్నప్పటి నుంచే ఆడపిల్లల్ని వెనక్కి లాగుతున్నారని షెరిల్ శాండ్‌బర్గ్, అమెరికాలోని గర్ల్ స్కౌట్స్ కలిసి 2014లో ‘బ్యాన్ బాసీ’ అని పెద్ద ప్రచారమే నడిపారు. మాటని నిషేధిస్తే బుద్ధులు మారతాయా అని నాకు అనుమానమే అనుకోండి. ‘ప్రీమా డొన్నా’ అంటే ఇటలీ సంగీత నాటకాల్లో ప్రధాన గాయని. అదిప్పుడు అందరి చేతా ఊడిగం చేయించుకునే మనిషికి ఎగతాళి పేరు. ప్రధాన గాయకుడికీ అక్కడ ‘ప్రీమో ఉవోమో’ అనే పేరుంది. దాన్నెవరూ తిట్టుగా వాడరు!

మనమేం తక్కువ తిన్నాం? పొగరు, టెక్కు, నిక్కు, మిడిసిపాటు... ఎన్ని లేవు మనకి! మన సినిమాలే చూడండి. 1962లో ‘గుండమ్మ కథ’లో సరోజ టెక్కు వదలగొట్టడం చూసి మా అమ్మ తరం నవ్వుకుంది. 1992లో ‘ఘరానా మొగుడు’ కంపెనీ యజమానురాలి పొగరు అణిచాడు, మా తరం ఈలలు వేసింది. నేనూ రెండుసార్లు చూశాను, పాటల కోసం. డబ్బున్న మగాడి పొగరు అణిచే పెళ్ళాం కథలు అన్నన్ని ఎందుకు రాలేదో అప్పుడు తట్టలేదు.

అలాగని స్నాబులే లేరని కాదు. మా అపార్టుమెంటులో ఒకావిడ ఉంది. మహా కలుపుగోలు. లిఫ్టులో ఎవరు కనిపించినా చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంది, పేరంటానికి ముందుండి నడిపిస్తుంది. ఆవిడ ఇంట్లో పనమ్మాయికి కాఫీ ఇచ్చే గ్లాసు వేరు. బాల్కనీలో గూట్లో బోర్లించి ఉంటుంది. ఆ అమ్మాయి లిఫ్టు ఎక్కకూడదని మీటింగులో గట్టిగా వాదించింది కూడా ఆవిడే. మరి ఆవిడని ఇంతవరకూ ఎవరూ స్నాబ్ అనలేదు, స్టకప్ అనలేదు, పొగరనీ అనలేదు. ‘ఎంత సరదా మనిషో’ అంటారు. నోరు మెదపని కొత్త కోడలికి మాత్రం ఒక్కపూటలో పేరు పెట్టేశాం.

మనసులో పీకుతూనే ఉంది గనక పోయిన ఆదివారం మా అక్క ఇంట్లో భోజనాలకి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాను. వ్రతం రోజు ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగాను. అటూ ఇటూ చూసి, మెల్లిగా చెప్పింది.

‘అదేం లేదు అత్తమ్మా. ఎవర్ని ఏమని పిలవాలో తెలియలేదు. మా దిక్కు చిన్నమ్మ అంటాం, మీరు పిన్ని అంటారు. నా మాట విని అందరూ నవ్వుతారేమో అనిపించింది. అందుకే సప్పుడు చెయ్యకుండా కూర్చున్నా.’

నాకు నా విశాఖపట్నం హాస్టలు గది, ఆ డిక్షనరీ కళ్ళ ముందు కనిపించాయి.

ఇక అక్కడే కూర్చుని ఒక్కొక్కర్నీ చూపిస్తూ వరసలు చెప్పడం మొదలుపెట్టాను. బుద్ధిగా వింది. మధ్యలో ఆపి, ‘మరి ఆ నీలం చీర ఆమె?’ అంది. అటు చూస్తే మా వదిన.

‘మీ ఆయనకి అత్తయ్య. అంటే నీకు పెద్దమ్మ వరస’ అన్నాను. ‘మీ దిక్కు ఎలా పిలుస్తావో అలాగే పిలు.’

లేచి వెళ్ళింది. వదిన చేతిలో పచ్చడి జాడీ అందుకుంటూ, ‘పెద్దమ్మా, ఇటియ్యి, నేను వడ్డిస్తా’ అంది. వదిన ఒక్క క్షణం తెల్లబోయి, ‘ఇదిగో, నూనె కారుతోంది, కొత్త చీర జాగ్రత్తమ్మా!’ అంది.