నాపబండలకు యాసిడ్ చేటు - కుంకుడు రసమే మేలు

నంద్యాల జిల్లాలో నాపబండలు పరచని ఇల్లు అరుదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల బండలు ఈ జిల్లాలోనే గాక పై జిల్లాల ఇళ్లలోనూ కనిపిస్తాయి. అటువంటి బండలను కడగడానికి పల్లెల్లో సైతం యాసిడ్ సీసా వాడడం పరిపాటి అయింది. పండుగకు ముందు ఇల్లు కడిగినా, పెళ్లికి ముందు వాకిలి కడిగినా యాసిడ్ లేనిదే మురికి పోదన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఇది పొరపాటు అభిప్రాయం. ఇంటికీ, ఒంటికీ కూడా నష్టం.

నాపరాయి సున్నపు జాతి రాయి. సున్నపు బట్టీలో కాల్చే రాయికీ, ఇంట్లో పరచిన బండకూ మూలపదార్థం ఒక్కటే. దానిమీద యాసిడ్ పడగానే బుసబుస పొంగుతుంది. మురికి విరుగుతున్నదని చూసేవారు సంతోషిస్తారు. నిజానికి అక్కడ కరుగుతున్నది రాయి. పై నునుపు పోయి బండ గరుకు తేలుతుంది. గరుకు బండలో మట్టి మరింత తొందరగా ఇరుక్కుంటుంది. దానిని వదిలించడానికి మళ్లీ యాసిడ్ పోస్తారు. ఈ విధంగా రెండు తరాలు ఉండవలసిన బండ కొద్ది ఏళ్లకే కళ తప్పుతున్నది.

మరుగుదొడ్డి సంగతీ ఇంతే. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ ప్రారంభమైన తరువాత పల్లెల్లో కట్టుకున్న మరుగుదొడ్లలో చాలావాటికి గుంతలే ఆధారం. గుంతలో పడినదానిని కుళ్లబెట్టి మట్టిలో కలిపేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. యాసిడ్, ఫినాయిలు ధారాళంగా పోస్తే అవి చచ్చిపోతాయి. గుంత త్వరగా నిండుతుంది, వాసన వేస్తుంది. ఆ వాసన పోవాలని ఇంకో సీసా కొంటారు.

వీటికి బదులు ఏం వాడాలన్న ప్రశ్నకు జవాబు వంటింట్లోనే ఉంది. బండలకు కుంకుడు రసం శ్రేష్ఠం. పదిహేను కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి పిసికి వడకట్టి, ఆ రసం ఒక గ్లాసు అర బకెట్టు నీళ్లలో కలిపి బండలు తుడవవచ్చు. తరువాత మంచినీళ్లతో మరోసారి తుడవాలి. లేకుంటే కాలు జారుతుంది. రసం రెండు మూడు రోజులకు మించి నిలవ ఉండదు. మిగిలినది చెరువులో, కుంటలో పారబోయరాదు, చేపలకు అది విషం.

ఇత్తడి, రాగి పాత్రలకు నిమ్మకాయంత చింతపండు, కాస్త ఉప్పు చాలు. చింతపండు పులుపు చిలుమును కరిగిస్తుంది. జిడ్డు గిన్నెలకు కట్టెల బూడిద మంచిది. గ్యాసు పొయ్యిలు వచ్చి బూడిద కరువైన ఇళ్లలో శనగపిండి గానీ, వంటసోడా గానీ వాడవచ్చు. అయితే సిల్వరు గిన్నెలుగా పిలిచే అల్యూమినియం పాత్రలకు బూడిదా, సోడా పనికిరావు. పాత్ర నల్లబడుతుంది.

బోరునీళ్ల వల్ల పింగాణీ దొడ్డిలో తెల్లని పొర కడుతుంది. చింతపండు గుజ్జు పూసి గంటసేపు ఉంచి, బ్రష్షుతో తోమితే అది చాలావరకు వదులుతుంది. కాని ఇంటివనే నమ్మకంతో చింతపండును, నిమ్మరసాన్ని నాపబండలపై వాడరాదు. పులుపు ఏదైనా ఆ రాయిని తింటుంది. నిమ్మరసం, సోడా కలిపి పొంగించడం కూడా వృథా. ఒకదాని గుణాన్ని మరొకటి చంపుతుంది.

వంటింటి సరుకులకు హద్దు లేకపోలేదు. ఇంట్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కుంకుడు రసాన్ని నమ్ముకుని కూర్చోరాదు. అప్పుడు బ్లీచింగ్ పౌడరు అవసరమే. ఆరోగ్య కార్యకర్త చెప్పిన కొలత ప్రకారం వాడాలి. బ్లీచింగ్ వాడిన చోట యాసిడ్ గానీ, నిమ్మరసం వంటి మరే పులుపు గానీ పోయరాదు. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న దొడ్డిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

యాసిడ్ చిల్లర అమ్మకంపై 2013 జులైలో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. కొన్నవారి పేరు, చిరునామా పుస్తకంలో రాయాలి. 18 ఏళ్లలోపు వారికి అమ్మరాదు. అయినా పాత కూల్‌డ్రింకు సీసాల్లో యాసిడ్ పోసి అమ్మితే, ఇంట్లోని పసివాడికి తేడా ఏం తెలుస్తుంది? పొరపాటున తాగితే వాంతి చేయించరాదు. లోపలికి పోయేటప్పుడు కాల్చినది బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కుంకుళ్లు కొట్టి నానబెట్టే తీరిక ఎవరికి ఉన్నదని కొందరు గృహిణులు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. పొలం పని, వంట పని చేసుకునే ఆడవారికి ఇది మరో చాకిరీ కారాదు. ఇంటి మగవారు కాయలు కొట్టి ఇస్తే తప్పేమీ లేదు. అంతకంటే మేలైన దారి, డ్వాక్రా సంఘాలు కుంకుడు పొడి తయారుచేసి ఊళ్లోనే అమ్మడం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుంచి కుంకుళ్లు, శీకాయ, చింతపండు కొంటున్నది. సంఘాలు అక్కడి నుంచి సరుకు తెచ్చుకుంటే అడవి బిడ్డలకూ నాలుగు రూపాయలు దక్కుతాయి.

పంచాయతీలు ముందుగా బడులు, అంగన్‌వాడీ కేంద్రాల బండలు కడగడానికి ఈ పొడిని కొనాలి. సంఘాలకు నిలకడగా బేరం దొరుకుతుంది. పిల్లలు తిరిగే చోట యాసిడ్ సీసా లేకుండా పోతుంది. అందుకు కొత్త పథకం, కొత్త నిధులు అక్కరలేదు. ఇప్పుడు సీసాలకు పెడుతున్న డబ్బును కుంకుళ్లకు మళ్లిస్తే చాలు.